'భక్తపోతన' చిత్రమున శ్రీనాథుఁడు: యుద్ధకాల కళాకారుని గూర్చి యొక విచారము

కృతిని నరున కంకిత మిచ్చుట తగునా, దైవమునకే యియ్యవలయునా యను వివాదము మన వాఙ్మయమునఁ జాలఁ బ్రాఁతది. పాఠశాలలో భాగవతపద్యము వల్లెవేయించు ప్రతి పండితుఁడును పోతనను ఒకవైపునను, శ్రీనాథుని వేఱొకవైపునను నిలిపి యీ వివాదమును బాలురకు బోధించినవాఁడే. ఇందుఁ దీర్పు సాధారణముగా ముందే సిద్ధమై యుండును: పోతన పూజ్యుఁడు, శ్రీనాథుఁడు భోగలాలసుఁడు. ఈ తీర్పును అక్షరాస్యులు కానివారి హృదయములందును ముద్రించినది గ్రంథము కాదు, పండితోపన్యాసమును కాదు. 1943 జనవరిలో వెలువడిన వాహినీవారి 'భక్తపోతన' యను చలనచిత్రము. దానిని దృశ్యకావ్యముగా నెంచి, అందలి శ్రీనాథపాత్రమునే ప్రధానముగాఁ గైకొని, యుద్ధకాలమునఁ గళాకారుఁడు ప్రభుశక్తితో రాజీపడుటను గూర్చి యది యేమి చెప్పుచున్నదో, ఏమి చెప్పక దాఁటుచున్నదో విచారించుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ చిత్రమునకు దర్శకుఁడు కదిరి వెంకటరెడ్డి. ఇదియే యాయన ప్రథమదర్శకత్వము. కథాసంభాషణములు, గీతములు సముద్రాల రాఘవాచార్యులవారివి. చిత్తూరు నాగయ్య పోతన పాత్రము ధరించి, సంగీతమును గూడఁ గూర్చెను. శ్రీనాథుఁడుగా గౌరీపతిశాస్త్రి నటించెను. దర్శకుఁడు తాడిపత్రివాఁడు, నటశేఖరుఁడగు బళ్లారి రాఘవ జన్మించినదియు నచటనే. ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతము నేఁడు కర్నూలు మండలమునకుఁ బశ్చిమభాగ మయ్యును, 1953 వఱకు బళ్లారి మండలములోనిది. ధర్మవరము కృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు నాటకరచన సాగించినదియు, రాఘవ నటించి ప్రసిద్ధికెక్కినదియు నా మండలమునందే. కావున నిచటి ప్రేక్షకుఁడు రంగస్థలముపై రాజులను, కవులను జూచి యలవడిన కంటితోనే యీ చిత్రమును జూచినవాఁడు. అట్టి కంటికి శ్రీనాథపాత్రము కొంత సందేహము కలిగింపకపోదు.

చిత్రనిర్మాణకాలమును ముందుగా స్మరింపవలెను. 1942 ఏప్రిల్ 6వ తేదీని విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపానువారి విమానములు బాంబులు వేసెను. ఆ నెలలోనే చెన్నపట్టణము దాడిభీతిచే సగము ఖాళీ యయ్యెను. చిత్రశాలల పని నిలిచిపోయెను. 'భక్తపోతన' నిర్మాణమునకును ఈ కాలముననే అంతరాయము కలిగెను. ఆగస్టునఁ 'గ్విట్ ఇండియా' యుద్యమము చెలరేఁగెను. పత్రికకు, నాటకమునకు, చిత్రమునకు నిషేధభయము నిత్యమయ్యెను. అంతకు ముందే, 1939లో, వాహినీవారు తమ 'వందేమాతరము' చిత్రమునకు 'మంగళసూత్రము' అను పేరును జోడింపవలసి వచ్చెను. ఇట్టి వేళ, రాజు కోరినను కృతి నియ్యనన్న కవికథ తెరపై నిలిచినది. దొరల శాసనములో దానిని దప్పుపట్టుటకు వీలు లేదు; అది భక్తికథ. అయినను ప్రభువున కెదురుగా 'ఒల్ల'ననుట యను క్రియ అందు పలుమాఱులు ప్రేక్షకునికిఁ గానవచ్చుచున్నది. కథాకర్త యుద్దేశ మెట్టిదైనను, ఆ దినములలో నా మాట కొక విశేషధ్వని యుండెనని నా తలంపు.

ఈ చిత్రము పేరునకు భక్తిరసప్రధానము. కాని శ్రీనాథుఁడు ప్రవేశించిన తావులందు దానియం దొక అధిక్షేపధార యున్నది. లోకమున వినవచ్చు కథలే దీనికి మూలధనము: శ్రీనాథుఁడు పోతనకు బావమఱఁది యనుట, రాజాశ్రయము నొందుమని యాతఁడు పోతనకు హితవు చెప్పుట, బోయీలు లేకయే పల్లకి సాగుటయు, ఎద్దులు లేకయే నాఁగలి నడచుటయు. వీనికిఁ గావ్యములయందుఁ బ్రమాణము లేదు. బాంధవ్యకథను విమర్శకులు పలువురు పూర్వమే త్రోసిపుచ్చిరి. అయినను ఐతిహ్యమునకు ఐతిహ్యముగా విలువ కలదు. అది చరిత్రను జెప్పకపోయినను, జాతి తన కవులయెడ నేమి కోరినదో చెప్పును. పల్లకియు నాఁగలియు నెదురుపడఁగా, మనము నవ్వునది పల్లకిని జూచియే.

భరతుఁడు హాస్యమును ఆత్మస్థమని, పరస్థమని రెండు విధములు చేసెను. తాను నవ్వుట యొకటి, పరులను నవ్వించుట మఱియొకటి యని యచటి వివరణము. ఆ మాటలకు నేనిచట వేఱొక యర్థము కల్పించుకొనుచున్నాను: తన్ను దాఁ జూచి నవ్వుకొనునది ఆత్మస్థము, ఎదుటివానిని మాత్రమే చూచి నవ్వునది పరస్థము. అధిక్షేపకావ్యమునకు నిజమైన బలము మొదటిదానివలనఁ గలుగును. రెండవది యెంత చమత్కారయుక్తమైనను, నవ్వినవానిని నిర్దోషిగా నిలుపుటతో దాని పని ముగియును. 'భక్తపోతన'లో శ్రీనాథునిపై వచ్చు హాస్యము పరస్థము. ఇదియే దానిలోని ప్రథమలోపము.

ఏలన, చారిత్రకుఁడగు శ్రీనాథుని జీవితమంతయు యుద్ధకాలజీవితమే. పెదకోమటి వేమారెడ్డికడ కొండవీట విద్యాధికారిగా నుండిన యాతఁడు ఆ రాజ్యము 1424 ప్రాంతమునఁ గూలుటను జూచెను. మామిడి సింగనకు శృంగారనైషధమును, అవచి తిప్పయశెట్టికి హరవిలాసమును, బెండపూడి అన్నయమంత్రికి భీమఖండమును, రాజమహేంద్రవరమున వీరభద్రారెడ్డికిఁ గాశీఖండమును అంకితము చేసెను. కర్ణాటకమున ప్రౌఢదేవరాయల యాస్థానమున డిండిమభట్టు నోడించి కనకాభిషేకము గొనెనని ప్రసిద్ధి. ఆదవాని దుర్గమును నాఁడు ఆ ప్రౌఢదేవరాయల యేలుబడిలోనిదే. ఈ ప్రభువులు ఒకరికొకరు మిత్రులు కారు, పలుమాఱులు శత్రువులు. ఒకరి కొలువునుండి వేఱొకరి కొలువునకుఁ బోవుట వలన శ్రీనాథుఁడు నిలకడ లేనివాఁడని నిందింపవచ్చును. కాని కొలువులే నిలువని కాలమునఁ గవి యెచట నిలువవలెను? ఈ ప్రశ్నను చిత్రము అడుగదు.

తుదకుఁ జాటువులు చెప్పు కథ యేమి? కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకుఁ గొని, పంటను ఏటిపాలు చేసికొని, పన్ను చెల్లింపలేక, బండ నెత్తుకొని శిక్ష ననుభవించినాఁడట. పల్లకి యెక్కినవాఁడు తుదకు నాఁగలినే నమ్ముకొని చెడినాఁడు. పోతనకథతోఁ గలిపి చదివినపుడు దీనికంటెఁ దీవ్రమైన విపర్యాస మేది? నిజమైన అధిక్షేపకారుఁడు ఈ ఘట్టమును విడువఁడు; దీనిచే నవ్వును కన్నీటిలోనికి మరల్చును. చిత్రమునకు భక్తుని విజయమే కావలసినందున, ఓడినవాని దుఃఖముతోఁ బని లేకపోయినది.

ఇఁక పోతన విషయము. ఈయన రాజీ యెఱుఁగని యేకశిలావిగ్రహముగా చిత్రమునఁ దోఁచును. కాని భోగినీదండకము పోతనదే యను సంప్రదాయమును పండితులు మఱవలేరు. అది సింగభూపాలుని భోగినిని గూర్చిన రచన. దానిని పోతనకర్తృకముగా నొప్పుకొననివారును గలరు. రసార్ణవసుధాకరకర్తయగు సింగభూపాలుఁడును, పోతన కాలపు సింగభూపాలుఁడును ఒక్కఁడే యని కొందఱు, కాదని కొందఱు. ఈ చర్చ నిచటఁ బెంపను. ఒకవేళ దండకము పోతనదే యైనచో నాయన కీర్తికి హాని యని కొందఱు వెఱతురు. నాకు దానికి విపరీతముగాఁ దోఁచుచున్నది. ఒకమాఱు ఇచ్చి, ఇచ్చినందుకు నొచ్చి, మఱల నియ్యనన్నవాని 'ఒల్ల'ననుటకే యెక్కువ బరువు. భాగవతారంభమున మనుజాధిపతుల కంకితమిచ్చుటను గూర్చి పోతన పలికిన పలుకులందలి రోషము, ఆ దారి యెఱిఁగినవాని రోషముగానే నాకు వినఁబడును. ఎఱుఁగనివాఁ డంత తీవ్రముగాఁ బలుకఁడు.

ఆయన నిరాకరణమునకు వేఱొక యాధారము కలదు, అది నాఁగలి. ఐతిహ్యము పోతనను హాలికుఁడని యేల చెప్పినది? తిండి కొఱకు రాజుపై నాధారపడనివాఁడే రాజును గాదనఁగలఁడను లోకానుభవము అందు నిక్షిప్తమై యున్నది. ఈ సత్యము మా ప్రాంతమున సాలెవారికిఁ దెలిసినంత స్పష్టముగా మఱియొకరికిఁ దెలియదు. ఎమ్మిగనూరున మాచాని సోమప్ప 1938లోఁ జేనేతవారి సహకారసంఘమును నెలకొల్పుటలోని మర్మ మిదియే: మగ్గము తనదైనను, నూలు పరునిచేతిలో నున్నంతవఱకు నేఁతగాఁడు స్వతంత్రుఁడు కాఁడు. యుద్ధకాలమున నూలు కొఱవడెను. 1943లో నూలు, వస్త్రముల నియంత్రణశాసనము వచ్చెను. మగ్గములు ప్రభుత్వము కొలిచియిచ్చు నూలు కొఱకు నెదురుచూడవలసి వచ్చెను.

అదే సంవత్సరమున చిత్రనిర్మాతలకును అట్టి గతియే పట్టినది. ముడిఫిలిము విదేశములనుండి రావలసినది. ఓడలు యుద్ధమునకుఁ బోయెను. చిత్రముల నిడివిని పదునొకండువేల అడుగులకుఁ బరిమితము చేసిరి. ఫిలిమునకు అనుమతిపత్రములు విధించిరి. ప్రతి చిత్రశాలయందును ప్రభుత్వామోదము నొందిన యుద్ధచిత్రములను ప్రదర్శింపవలెనని భారతరక్షణనిబంధనలచే నిర్బంధించిరి. ఆదవాని చిత్రశాలకైనను ఆ నిబంధనము తప్పినది కాదు. అనఁగా, 'రాజునకుఁ గృతి నియ్య'నని పోతన పలుకు తెరపైననే, అంతకు ముందు రాజకీర్తనము సాగవలసి యుండెను. నాఁగలిని గీర్తించిన కళకు నాఁగలి లేదు. తన ముడిసరకునకై దొరను యాచింపవలసినవాఁడు, యాచింపని కవిని గూర్చి చిత్రము తీసెను. ఈ విపర్యాసమును చిత్రకారులు తామే గుర్తించి, శ్రీనాథునియందుఁ దమ రూపమును జూచుకొని నవ్వియుండినచో, ఆ హాస్యము ఆత్మస్థమై, చిత్రము మహాకావ్యమై యుండెడిది.

చెన్నపట్టణముననే దీనికి నిదర్శన మున్నది. కె. సుబ్రహ్మణ్యము 1939లోఁ దీసిన 'త్యాగభూమి' యను తమిళచిత్రము జాతీయభావమునకై నిషేధింపఁబడినది. ఆయనయే 1945లో యుద్ధప్రయత్నమునకుఁ దోడ్పడు 'మానసంరక్షణము'ను దీసెను. వీనిలో నొకదానిని పోతన యనియు, వేఱొకదానిని శ్రీనాథుఁడనియు వ్యవహరించుట సులువు. కాని జపానుసేన బర్మా నాక్రమించి, మన తీరపట్టణములపై బాంబులు వేయుచుండఁగా, దాని నెదిరింపుమని చెప్పుట కేవలము కూలిపని యని యెట్లనఁగలము? ఒకే మనిషియందు ఇద్దఱు కవులును వసింతురు. కావున 'రాజీపడెనా, లేదా' యను ప్రశ్న చాలదు. వేఱొక కొలమానము వెదకవలెను.

ఆ వెదకుటలో దూరదేశపు చిత్ర మొకటి తోడ్పడును. స్పెయినుదేశీయుఁడగు ఫెర్నాండో త్రువేబా 1998లోఁ దీసిన చిత్రమునకు 'నీ కంటిపాప' యని తెలుఁగు చేయవచ్చును. 1938లో, స్పెయిను అంతర్యుద్ధకాలమున, ఫ్రాంకో పక్షమువారి చిత్రబృంద మొకటి బెర్లిను నగరమునకుఁ బోయి, హిట్లరు ప్రభుత్వపు చిత్రశాలలో నాటపాటల చిత్రము నొకదానిని దీయుట యందలి కథ. ఫ్లోరియన్ రే యను దర్శకుఁడును, ఇంపీరియో అర్హెంతీనా యను నటియు నిజముగానే అట్లు పోయి చిత్రము తీసియుండిరి. ఆ వృత్తాంతమే దీనికి ప్రేరణము. మొదట హాస్యము తేలికయైనది: భాష తెలియక తికమకలు, నటుల డాంబికములు, నాయికపై మంత్రి గొబెల్సు వ్యామోహము. బృందమువారు ఒక్కొక్క మెట్టుగా సర్దుకొనుచుందురు. తుదకుఁ దమ చిత్రమున దక్షిణస్పెయిను గ్రామీణులుగా నిలుచుటకుఁ దేఁబడినవారు నిర్బంధశిబిరమునందలి బందీలని వారికిఁ దెలియును. అచట నవ్వు గొంతులోఁ జిక్కుకొనును. అప్పటివఱకు వారిచ్చినది తమ మానము, తమ మాట. ఇప్పు డిచ్చుచున్నది పరుల ప్రాణము. నాయిక బందీ నొకనిని దప్పించి విమానమునఁ బోవును; దర్శకుఁడు వెనుక నిలిచిపోవును. అచట శ్రీరాముఁడు ప్రత్యక్షము కాఁడు. మనుష్యుఁడు చేసినదానికి మనుష్యుఁడే వెల చెల్లించును.

'భక్తపోతన'లోని రెండవలోప మిచట బయలుపడును. పోతన నిరాకరణమునకు వెల చెల్లించునది దైవము. రాజు కోపించును, దైవము కాపాడును, ప్రశ్న మూసివేయఁబడును. భక్తికావ్యమున కిది ధర్మమే. దానిని నేను దూషింపను. కాని ఐతిహ్యమే యంత సులువుగా ముగియలేదు. సింగభూపాలుఁడు భాగవతమును భూమిలోఁ బాఁతిపెట్టించెననియు, అందుచేఁ గొంతభాగము శిథిలమయ్యెననియు లోకము చెప్పును. పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును ఏర్చూరి సింగనయు, తుది రెంటిని వెలిగందల నారయయు రచించిరి. అనఁగా, కవి ఒల్లనన్నందుకు కావ్యము గాయపడినది. ఆ కథ నిజమైనను కాకున్నను, నిరాకరణమునకు వెల యుండునని, దాని నొకప్పుడు కళయే చెల్లించునని అది మనకుఁ జెప్పుచున్నది.

దీని కెదురుగా మా యూరి ఐతిహ్య మొకటి. విజాపురపు మంత్రిపదవి విడిచి వచ్చి ఆదవాని నేలిన సిద్ది మసూద్ ఖాను ఇచట జామియా మసీదును గట్టించెను. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగు, ప్రథమనిజాము తండ్రి, కోటను ముట్టడించెను. కోట లొంగలేదు. అప్పు డాతఁడు ఫిరంగులను మసీదునకు గుఱిపెట్టించెననియు, తాను గట్టిన శిల్పము కూలుటను జూడలేక ఖాను కోట నప్పగించెననియు నిచటివారు చెప్పుకొందురు. మసీదు నేఁటికిని నిలిచియున్నది. ఖాను చేసినది రాజీయే కదా! కాని యాతని నెవ్వరును ద్రోహి యనరు. ఏలన, ఇచ్చినది తన యధికారము; నిలుపుకొన్నది కళ. ఈ తీర్పు చెప్పినవారు పండితులు కారు, సామాన్యజనులు. పోతనను బూజించు నోటితోనే వారు మసూద్ ఖానును మెచ్చుకొనుచున్నారు. అందు వారికి విరోధము తోఁపలేదు.

ఈ మూఁడు కథలనుండి మనకుఁ గావలసిన కొలమానము లభించుచున్నది. కళాకారుఁడు యుద్ధకాలమున నేమియు నియ్యకుండుట దుర్లభము. ఏమి యిచ్చెను, ఏమి నిలుపుకొనెను, ఇచ్చినది ఎవరిది, అను మూఁడు ప్రశ్నలు వేయవలెను. శ్రీనాథుఁడు కృతిపతుల కిచ్చినది అవతారికయు, షష్ఠ్యంతములును, ఆశ్వాసాద్యంతపద్యములును. నైషధకథలోఁ గాని, కాశీఖండమున గుణనిధి వృత్తాంతములోఁ గాని ఏ రెడ్డిప్రభువునకును, ఏ మంత్రికిని జోటు లేదు. ద్వారమునఁ బేరు చెక్కించి గర్భగృహమును దనయొద్దనే యుంచుకొనెను. పోతన ద్వారమును గూడ నియ్యనన్నాఁడు. అది యధికతరమైన ధైర్యము, దాని ముందు తలవంచుదము. కాని మొదటిది ద్రోహము కాదు. త్రువేబా చిత్రమునందలి బృందము పరుల ప్రాణమును జూచియుఁ జూడనట్లు తమ పని సాగించిన క్షణమునఁ జేసినది ద్రోహము. పరునిది యిచ్చి తాను నిలుపుకొనువానికి ఏ కావ్యమును ప్రాయశ్చిత్తము కానేరదు.

ఇట్లు చూచినచో 'భక్తపోతన'కు న్యాయమైన స్థానము నీయవచ్చును. నాగయ్య గానమున, నటనమున వినయమునకు రూపము కల్పించెను. ఆయనయే 1946లో 'త్యాగయ్య'యై, 1947లో 'యోగివేమన'యై, ప్రభువుల సొమ్మునకు లొంగనివారి పరంపరను దెరపై నిలిపెను. పరపాలనపు తుదిదినములలో ఆంధ్రప్రేక్షకునకు ఆత్మగౌరవమును నేర్పిన చిత్రములలో 'భక్తపోతన' మొదటి శ్రేణిలోనిది. దాని కొఱఁత యంతయు శ్రీనాథుని యెడనే. ఆతనిని జూచి మనలను నవ్వించినది కాని, మనలో నాతనిని జూపలేదు.

పాఠశాలలందలి పండితమిత్రులకు ఒక్క మనవి. భాగవతావతారికను బోధించునపుడు పోతన గొప్పవాఁడని చెప్పి యూరకుండక, ఆదవాని మసీదుకథను బొడ్డుపల్లె చాటుకథను గూడఁ జెప్పి, ఆ యిద్దఱును ఏమి యిచ్చిరి, ఏమి నిలుపుకొనిరి యని బాలురను బ్రశ్నింపుఁడు. పల్లకిని జూచి నవ్వుట సులభముగా నేర్తురు. తమ చేతిలోని నాఁగలి యెవరిదో చూచుకొనుట నేర్చినపుడే ఆ పాఠము ముగిసినట్లు.